నొప్పి పెట్టదు... పన్ను నిలవదు

పారిశ్రామికవాడలో చాపకింద నీరులా చిగుళ్ల జబ్బు - ఉన్నచోటే ఆపే వైద్యం దగ్గర్లోనే ఉంది

సంగారెడ్డి, పటాన్‌చెరు: పన్ను పుచ్చి పోటు పుడితే మనిషి ఆ రాత్రి నిద్రపోడు. తెల్లారగానే నాగా పెట్టి మరీ డాక్టరు దగ్గరకు పరుగెడతాడు. చిగురు చెడితే మాత్రం ఐదేళ్లయినా, పదేళ్లయినా ఎవరికీ చెప్పుకోడు. నొప్పి లేకపోవడమే ఇందుకు కారణం. పళ్లు తోముకునేటప్పుడు ఉమ్మిలో కాస్త నెత్తురు కనిపిస్తుంది. నోరు వాసన కొడుతోందని ఇంట్లోవాళ్లు మొహం తిప్పుకుంటారు. పళ్ల సందులు పెరిగి కూర పీచులు ఇరుక్కుంటాయి. ఇవేవీ జబ్బు లెక్కలోకి రావు. చివరికి ఒకనాడు జొన్నరొట్టె నములుతుంటే దవడ పన్ను కదిలినట్లవుతుంది. అప్పటికి ఆ పన్నును పట్టి ఉంచే ఎముక చాలావరకు కరిగిపోయి ఉంటుంది.

పాత తరం దీన్ని పయోరియా అనేది. మన పల్లెల్లో ‘ఇగుర్లు వాచినయి’ అంటారు. వైద్యులు పెట్టిన పేరు పీరియోడాంటైటిస్. పేరు ఏదైనా, పెద్దవాళ్ల పళ్లు ఊడిపోవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి 19 మందికి తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉందని, అంటే వంద కోట్లకు పైగా మందిని ఇది పట్టి పీడిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన నివేదికలో తెలిపింది.

1970 దశకం నుంచి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం చుట్టూ ఫ్యాక్టరీలు పెరుగుతూ వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ల రైతుబిడ్డలు, ఇస్నాపూర్, రుద్రారం, ముత్తంగి గదుల్లో అద్దెకుంటున్న బీహారు, ఒడిశా, జార్ఖండ్ కూలీలు వీటిలో షిఫ్టులు చేస్తున్నారు. ఈ జబ్బును పెంచి పోషించేవి మూడు: శుభ్రం చేసుకోవడానికి వేళాపాళా లేకపోవడం, పొగాకు, షుగరు. ఫ్యాక్టరీ బతుకులో మూడూ తేలిగ్గా ఒకచోట చేరతాయి. డెబ్భై ఏళ్లకు పళ్లు ఊడితే వయసు మీద పడింది అనుకుని సరిపెట్టుకోవచ్చు. ఇల్లు గడిపే వయసులో, ముప్పై అయిదుకో నలభైకో దవడ పళ్లు పోతే తిండి తగ్గుతుంది, ఒంట్లో సత్తువ తగ్గుతుంది, నలుగురిలో నోరు విప్పి నవ్వడానికి కూడా జంకు పుడుతుంది.

పాచి... గార... ఆ తర్వాత ఎముక

జబ్బు ఎలా మొదలవుతుందో తెలుసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పొద్దున లేవగానే పళ్ల మీద జిగటగా తగిలేది పాచి. అది కేవలం తిన్న తిండి మురికి కాదు. కోట్ల కొద్దీ సూక్ష్మక్రిములు ఒకదానికొకటి అంటుకుని కట్టుకున్న గూడు. శుభ్రంగా తోమిన కొద్ది గంటల్లోనే అది మళ్లీ పట్టడం మొదలవుతుంది. తోమకుండా వదిలేస్తే ఉమ్మిలో ఉన్న సున్నం దాని మీద చేరి రోజుల వ్యవధిలో గట్టి పడుతుంది. అదే గార. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర ఎలాంటిదో ఇదీ అలాంటిదే. గార కట్టాక ఎంత తోమినా, ఏ పొడి వేసి రుద్దినా ఊడిరాదు.

పన్నుకూ చిగురుకూ మధ్య సహజంగానే సన్నని సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి దాని లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పాచి, గార ఆ సందులోకి దిగితే చిగురు ఎర్రబడి వాస్తుంది. తాకితే నెత్తురు వస్తుంది. ఇంతవరకు జరిగిన నష్టం ఏమీ లేదు. శుభ్రం చేయిస్తే చిగురు ఎప్పటిలా అవుతుంది. నిర్లక్ష్యం చేస్తే కొందరిలో సందు లోతై సంచిలా తయారవుతుంది. దాన్నే డాక్టర్లు పాకెట్ అంటారు. నాలుగు, అయిదు, ఏడు మిల్లీమీటర్ల లోతుకు దిగిన ఆ సంచిలోకి బ్రష్షు పోదు, పుల్లా పోదు. అక్కడ చేరిన క్రిములతో ఒళ్లు పోరాడుతుంది. ఆ పోరులో ఒంట్లోనుంచి వచ్చే రసాలే పన్ను చుట్టూ ఉన్న ఎముకను కరిగించేస్తాయి. శత్రువు మీద వేసిన నిప్పు సొంత ఇంటికి అంటుకున్నట్లన్న మాట.

వాగు ఒడ్డున ఉన్న తుమ్మచెట్టును చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. చెట్టుకు చీడ లేదు, కొమ్మలు పచ్చగానే ఉంటాయి. ఏటేటా వరదకు వేళ్ల కింద మట్టి కోసుకుపోతుంది. ఒక వానాకాలం చెట్టు వాలిపోతుంది. చిగుళ్ల జబ్బుతో ఊడిన పన్నును చేతిలో పెట్టుకు చూస్తే చాలాసార్లు ఒక్క పుచ్చు కూడా ఉండదు. వేరు పొడవునా నల్లటి గార మాత్రం ఉంటుంది.

పదిహేనేళ్లు కనిపెట్టి చూస్తే...

పాచి వల్లే చిగురు వాస్తుందని తేలింది 1965లో. డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె అనే దంతవైద్య శాస్త్రజ్ఞుడు పన్నెండు మందిని పళ్లు తోమడం మానేయమన్నాడు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే తగ్గిపోయాయి.

ఆయనే 1970లో శ్రీలంక వచ్చి, తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీల నోళ్లు పరీక్షించి, 1985 దాకా పదిహేనేళ్లు వారిని కనిపెట్టి చూశాడు. వాళ్లకు పళ్ల డాక్టరు తెలియదు, బ్రష్షు అలవాటు లేదు. అందరి పళ్లకూ పాచి ఉంది, గార ఉంది, అందరి చిగుళ్లూ వాచే ఉన్నాయి. అయినా అందరి పళ్లూ ఒకేలా ఊడలేదు. నూటికి 11 మందికి ఎముక దాదాపు చెక్కుచెదరలేదు. 81 మందికి నెమ్మదిగా కరిగింది. నలభై అయిదేళ్లకు సగటున ఏడు పళ్లు పోయాయి. మిగిలిన 8 మందికి జబ్బు గుర్రమెక్కినట్లు పరుగెత్తింది. ఇరవై ఏళ్లు దాటేసరికి పళ్లు ఊడడం మొదలై, నలభై అయిదుకు నోట్లో ఒక్కటీ మిగల్లేదు.

‘మా తాత బొగ్గుతో తోముకున్నాడు, ఎనభై ఏళ్లకూ చెరుకు కొరికాడు’ అని వాదించేవారికి ఈ లెక్కలోనే జవాబు ఉంది. తాత ఆ 11 మందిలో వాడు కావచ్చు. మనవడు 8 మందిలో వాడు కాడని ఎవరు చెప్పగలరు? ఈ తేడా కొంత పుట్టుకతో, వంశంతో వస్తుంది. అందుకే పాతికేళ్లలోపే ముందు పళ్లు, మొదటి దవడ పళ్లు కదులుతుంటే ఆ ఒక్కరితో సరిపెట్టక అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ కూడా పరీక్ష చేయించాలని వైద్యులు చెబుతారు.

షిఫ్టు బతుకు, తంబాకు సంచి

పుట్టుక మన చేతిలో లేదు. మిగతావి ఉన్నాయి. సి షిఫ్టు దిగిన కార్మికుడు గదికి వచ్చి ఇంత తిని పడుకుంటాడు. మధ్యాహ్నం లేచి టీ తాగుతాడు. అతనికి ‘పొద్దున, రాత్రి’ అన్న మాటకు అర్థమే లేదు. వారం వారం షిఫ్టు మారుతుంటే తోముకునే వేళ ముందు తప్పుతుంది. అలాంటివారు గడియారం చూడనక్కరలేదు. పడుకోబోయే ముందు ఒకసారి, నిద్ర లేచాక ఒకసారి అనుకుంటే చాలు. పగలు పడుకున్నా సరే. పడుకునే ముందు తోముకోవడం మరీ ముఖ్యం. నిద్రలో ఉమ్మి తగ్గిపోతుంది, క్రిములకు అడ్డు ఉండదు.

నిద్ర ఆపుకోవడానికి నోట్లో పెట్టుకునే ఖైనీ, జర్దా, గుట్కా సంగతి వేరే చెప్పాలి. ఖైనీ ఒకే చోట దవడకు అదిమి పెట్టేవారికి సరిగ్గా అక్కడే చిగురు కిందికి జారిపోయి పన్ను వేరు బయటపడుతుంది. గుట్కాలోని వక్క బుగ్గలను బిగించేస్తుంది. కొన్నాళ్లకు నోరు రెండు వేళ్ల మందం కూడా తెరుచుకోదు. అలాంటి నోట్లో బ్రష్షు తిప్పడమూ కష్టమే, డాక్టరు చేయి పెట్టడమూ కష్టమే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో గుట్కాను నిషేధించారు. 2024 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధిస్తూ మళ్లీ ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వుల వల్ల ధర పెరిగిందే తప్ప నమిలేవాడి నోరు ఆగలేదు.

బీడీ, సిగరెట్టు చేసే మోసం ఇంకో రకం. పొగ తాగేవారి చిగుళ్లలో నెత్తురు పారుదల మందగిస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి నెత్తురు రాదు, వాపూ పెద్దగా కనిపించదు. ‘నాకు నెత్తురు రావడం లేదు కదా’ అని ధీమాగా ఉండేవారిలో పొగరాయుళ్లే ఎక్కువ. మానేసిన కొత్తలో చిగుళ్లు నెత్తురు చిమ్మితే భయపడి మళ్లీ బీడీ అందుకోనక్కరలేదు. దాగి ఉన్న జబ్బు బయటపడడమే అది.

బీహారు వైపు గుల్, ఒడిశా వైపు గుడాకు అని పళ్లకు రాసుకునే పొగాకు ముద్దలు, పొడులు ఉన్నాయి. టూత్‌పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించినా ఆ అలవాటు పోలేదు. పళ్లు శుభ్రం చేసుకుంటున్నామనుకునే పనే చిగుళ్లను తినేయడం విచారకరం.

ఇక షుగరు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో వెల్లడించింది. షుగరు అదుపులో లేనివారికి తీవ్రమైన చిగుళ్ల జబ్బు ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈ బంధం రెండు వైపులా నడుస్తుంది. చిగుళ్లలో చీము ఉంటే షుగరు దిగదు. చిగుళ్లకు సరైన వైద్యం చేస్తే, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మూడు నాలుగు నెలల్లో దాదాపు 0.4 మేర తగ్గుతుందని అనేక దేశాల పరిశీలనలు తేల్చాయి. చూడడానికి చిన్న అంకె. మందు బిళ్ల ఒకటి పెంచాలా వద్దా అన్నది ఇలాంటి అంకెల మీదనే ఆధారపడుతుంది. మాటిమాటికీ చిగుళ్లకు చీము పడుతున్న మనిషికి షుగరు పరీక్ష చేయిస్తే, ఉన్నట్లు తెలియని షుగరు బయటపడడమూ కద్దు.

తప్పు నీళ్లదేనా?

నక్కవాగు కథ తెలిసిన ఊళ్లలో ఒంట్లో ఏది చెడినా ఫ్యాక్టరీ నీళ్లను తలచుకోవడం సహజం. కాలుష్యం మీద ఇక్కడి జనం చేసిన పోరాటం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కోపం అన్యాయమైనది కాదు. అయితే పళ్ల విషయంలో దేనిది దానికి విడదీసి చూడాలి. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే పిల్లతనంలోనే పళ్ల మీద తెల్లటి, గోధుమరంగు మచ్చలు పడతాయి. అది పన్ను రంగుకు సంబంధించిన నష్టం. యాసిడ్ ఆవిరుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవారికి ముందు పళ్లు అరిగి, అంచులు పలచబడి జివ్వుమంటాయి. అది పన్ను పైపొరకు తగిలే దెబ్బ. అలాంటి పనిలో ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. పన్ను కదలడం, చిగురు నుంచి చీము రావడం మాత్రం పాచి, గారల పని. నీళ్లను తిట్టుకుంటూ కూర్చుంటే పన్ను ఆగదు.

కొన్ని మందుల వల్ల కూడా చిగుళ్లు పెరుగుతాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే అమ్లోడిపిన్, నిఫెడిపిన్ అలాంటివి. చిగురు పళ్ల మీదకు ఎదిగి వస్తోందని ఎవరికి వారు ఆ మందులు మానేయడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. రాసిన డాక్టరుకు చెబితే వేరే మందు మారుస్తారు.

బిళ్ల మింగితే తగ్గినట్లే ఉంటుంది

చిగురు వాచినప్పుడు చాలామంది చేసే పని మెడికల్ షాపుకు వెళ్లడం. షాపువాడు రెండు రకాల బిళ్లలు చించి ఇస్తాడు. మూడు రోజుల్లో వాపు తీస్తుంది. నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఎందుకంటే క్రిములు గూడు కట్టుకుని గార మీద కూర్చున్నాయి. రక్తంలో తిరిగే మందు ఆ గూటిని బద్దలు కొట్టలేదు. గీరి తీస్తే తప్ప గార పోదు. చేతి పనిముట్టుతో చేయవలసిన పనిని బిళ్లతో చేయబోవడం, చేలో తుంగను పీకకుండా పైపైన ఆకులు కోసి వదిలేయడం లాంటిది.

పటాన్‌చెరు ప్రాంతానికి ఈ విషయం మరీ పట్టాలి. ఇక్కడి మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చిన వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రంలో, శుద్ధి అయి బయటకు వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల వరకు ఉందని తేలి ప్రపంచం నివ్వెరపోయింది. మందుకు లొంగని క్రిములు పుట్టడానికి అంతకంటే అనువైన చోటు ఉంటుందా? అలాంటి చోట అక్కరలేని యాంటీబయాటిక్ మింగడం రేపు నిజంగా అవసరమైన రోజున మందు పనిచేయకుండా చేసుకోవడమే. జ్వరం ఉన్నప్పుడు, చీము ముఖానికి పాకినప్పుడు, కొన్ని తీవ్రమైన కేసుల్లో డాక్టర్లే యాంటీబయాటిక్ రాస్తారు. అదీ శుభ్రం చేయడంతో పాటుగానే.

‘శుభ్రం చేయిస్తే పళ్లు వదులవుతాయి’

ఊళ్లలో పళ్ల వైద్యానికి అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఈ మాట. ఇందులో సగం నిజం ఉంది కనుకే ఇది ఇంతకాలం నిలిచింది. ఏళ్ల తరబడి పేరుకున్న గార పళ్లన్నిటినీ ఒకదానికొకటి సిమెంటులా అతికి ఉంచుతుంది. లోపల ఎముక పోయినా కదలిక తెలియనివ్వదు. గార తీయగానే, ఎప్పుడో వదులైపోయిన పన్ను వదులుగా ఉందని తెలుస్తుంది. వాపు తగ్గి చిగురు అణగడంతో పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి, వేరు బయటపడి చన్నీళ్లకు కొన్నాళ్లు జివ్వుమంటుంది. గోడకు ఆనించి నిలిపిన విరిగిన మంచాన్ని పక్కకు తీస్తే పడిపోయింది. విరిగింది తీసినవాడి వల్లనా? నిజానికి గార తీసిన కొన్ని వారాలకు చిగురు గట్టిపడి, కొంచెంగా కదులుతున్న పళ్లు చాలావరకు బిగుసుకుంటాయి.

పై పళ్లు పీకిస్తే చూపు పోతుందన్నది మరో భయం. కంటిచూపు నరం వేరు, పంటి నరాలు వేరు. ఒకదానికొకటి సంబంధం లేదు.

వైద్యం ఎలా సాగుతుంది

మొదట డాక్టరు మొద్దుకొన ఉన్న, గీతలు గీసిన సన్నటి పుల్లతో ప్రతి పన్ను చుట్టూ ఆరు చోట్ల సంచి లోతు కొలుస్తారు. ముప్పై రెండు పళ్లుంటే 192 కొలతలు. ఈ కొలతలు రాసుకోకుండా కేవలం నోరు తెరిచి చూసి పంపితే పరీక్ష సగమే అయినట్లు. తర్వాత ఎక్స్‌రే. ఎముక ఎక్కడిదాకా ఉందో అందులో తెలుస్తుంది. 2018లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం జబ్బును నాలుగు దశలుగా విడదీస్తున్నారు. సంచులు ఆరు మిల్లీమీటర్లు దాటి, ఎముక వేరు సగం దాకా కరిగితే మూడో దశ. ఈ జబ్బుతోనే అయిదు, అంతకు మించి పళ్లు ఊడి నమలడం కష్టమైతే నాలుగోది. రోజుకు పది సిగరెట్లు, అంతకు మించి తాగేవారినీ, హెచ్‌బీఏ1సీ 7, ఆపై ఉన్న షుగరు రోగులనూ జబ్బు వేగంగా ముదిరే జాబితాలో వేస్తారు.

వైద్యంలో అసలు పని స్కేలింగ్, ఆ తర్వాత చిగురు లోపల వేరును గీకి నునుపు చేయడం. లోతు ఎక్కువ ఉన్నవారికి మత్తు సూది వేసి నోటిని భాగాలుగా చేసుకుని రెండు మూడు సార్లలో చేస్తారు. ఒక్కసారి పైపైన మిషను తిప్పి పంపేది ఈ జబ్బుకు సరిపోదు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలతలు తీస్తారు. చాలా సంచులు అప్పటికే పూడుతాయి. పూడనివి ఉంటే చిగురును కొద్దిగా తెరిచి లోపల కళ్లారా చూస్తూ శుభ్రం చేసి కుట్లు వేస్తారు. ఎముకలో గుంట అనువైన ఆకారంలో ఉంటే ఎముక పొడి నింపడమూ ఉంది. అందరికీ అది పనికిరాదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. వైద్యం చేసేది ఉన్నచోట ఆపడం. నిలవని పన్నును తీసేయడమే మేలు. నలభై ఏళ్ల మనిషికి సగం ఎముక మిగిలి ఉండగా జబ్బు ఆపితే ఆ పళ్లతోనే మరో ఇరవై ముప్పై ఏళ్లు నమలవచ్చు. అయితే షరతు ఒకటుంది. మూడు నెలలకోసారి వెళ్లి శుభ్రం చేయించుకుంటూ ఉండాలి. బాగుపడ్డాయి కదా అని రెండేళ్లు మొహం చాటేస్తే ఖర్చుపెట్టిందంతా మట్టిపాలే. బీపీ, షుగరులాగే దీన్ని జీవితాంతం అదుపులో పెట్టుకోవలసిందే.

మిగతా 361 రోజుల పని రోగిదే. మెత్తటి బ్రష్షును చిగురు, పన్ను కలిసే చోట ఏటవాలుగా ఆనించి చిన్నగా కదిలించాలి. రెండు నిమిషాలు పట్టాలి. గట్టిగా రుద్దితే చిగురు మరింత జారుతుంది. సందులు పెరిగినవారికి సందుల్లో దూర్చే చిన్న బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. వీటిని వాడకపోతే పంటి పక్కభాగాలు ఎప్పటికీ శుభ్రం కావు. వేపపుల్ల వాడేవారు మానుకోనక్కరలేదు. కొన బాగా నమిలి కుంచెలా మెత్తగా చేసుకోవాలి. దవడ పళ్ల లోపలి వైపుకు పుల్ల అందదు కనుక రోజుకొకసారైనా బ్రష్షు తప్పదు. ఇటుక పొడి, బొగ్గు, ఇసుక వంటివి మాత్రం పన్నును అరగదీస్తాయి. నెత్తురు వస్తోందని తోమడం మానేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నెత్తురు వచ్చే చోటే ఎక్కువ శుభ్రం కావాలి.

గర్భిణుల్లో చిగుళ్లు వాచి నెత్తురు కారడం ఎక్కువ. కాన్పు అయ్యేదాకా ఆగాలని పెద్దలు అంటారు. ఆగనక్కరలేదు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా శుభ్రం చేయించుకోవడానికి అనువైన కాలం.

కొన్ని లక్షణాలుంటే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. ముఖమో మెడో వాచి జ్వరం రావడం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టం కావడం అలాంటివి. ఒక్కచోటే పన్ను వదులై పక్కన పుండో గడ్డో రెండు వారాలు దాటినా మానకపోతే, ముఖ్యంగా పొగాకు వాడేవారు, కేన్సర్ కాదని తేల్చుకోవాలి. కొద్ది వారాల్లోనే నోరంతా నెత్తురు కారుతూ ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తుంటే ముందు రక్తపరీక్ష చేయించాలి.

డబ్బు కట్టే ఉన్నారు

వైద్యం ఎక్కడ అన్నది చివరి ప్రశ్న. నెలకు 21 వేల రూపాయల లోపు జీతం ఉన్న ఫ్యాక్టరీ కార్మికులకు ఈఎస్ఐ వర్తిస్తుంది. ఈ హద్దును 2017లో పెట్టారు. 2019 జూలైలో సవరించిన రేట్ల ప్రకారం జీతంలో నూటికి ముప్పావలా కార్మికుడిది, మూడుంపావు యజమానిది. అంటే 15 వేల జీతగాడి నుంచి నెలకు సుమారు 113 రూపాయలు, యాజమాన్యం నుంచి 488 రూపాయలు జమ అవుతాయి. ఇంత కడుతున్నా పళ్లకు ఈఎస్ఐలో వైద్యం ఉందని తెలియని కార్మికులు ఉన్నారు. జబ్బు ఒక రోజులో వచ్చింది కాదు కనుక దీనికి నాలుగైదు సార్లు తిరగక తప్పదు. డిస్పెన్సరీలో చూపించుకుని, రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రికి చీటీ రాయించుకోవచ్చు. కాంట్రాక్టు కూలీలకూ ఈ హక్కు ఉంది. జీతం చీటీలో ఈఎస్ఐ పేరిట కోత పడుతూ చేతికి కార్డు రాకపోతే కాంట్రాక్టరును నిలదీసి నంబరు అడిగి తీసుకోవాలి. భార్యాపిల్లల పేర్లూ అందులో ఎక్కించుకోవాలి.

ఈఎస్ఐ లేని రైతులకు, కూలీలకు ప్రభుత్వ ఆస్పత్రులు ఉన్నాయి. సంగారెడ్డి పక్కన ఫసల్‌వాదిలో ఎంఎన్ఆర్ దంతవైద్య కళాశాల ఉంది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రిని ఆనుకుని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. దంతవైద్య కళాశాలల్లో చిగుళ్ల జబ్బులకు పీరియోడాంటిక్స్ పేరుతో ప్రత్యేక విభాగం ఉంటుంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు ‘చిగుళ్ల విభాగం’ అని అడగాలి. విద్యార్థులు చేస్తారని కొందరు వెనకాడతారు. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో, తొందర లేకుండా ప్రతి పన్నూ కొలిచి చూసే చోటు అదే. బయటి ప్రైవేటు క్లినిక్కుతో పోలిస్తే ఖర్చూ తక్కువ.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలు, ఈ మధ్య చేయించిన షుగరు పరీక్ష కాగితం, పాత ఎక్స్‌రేలు ఉంటే అవి తీసుకెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండెకు కవాటం వేయించుకుని ఉన్నా కుర్చీలో కూర్చోకముందే చెప్పాలి. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవారు ఖాళీ కడుపుతో మత్తు సూది వేయించుకోకుండా ఏదైనా తిని రావడం మంచిది.